ఉపన్యాసకులకు ఉచిత సలహాలు

కాకినాడ సూర్యకళామందిరమునందో, ఏ కళాశాల వార్షికోత్సవమునందో ప్రసంగింపవలసినదని ఆహ్వానము చేరినతోడనే నూతన వక్త చేయవలసిన మొదటి పని, తాను చెప్పదలచినదేమో ఆలోచింపకుండుట. ఏలయన ఆలోచించినవానికి విషయము స్పష్టపడును, స్పష్టపడిన విషయము పది నిమిషములలో ముగియును, పది నిమిషములలో ముగించినవానిని తాంబూలమిచ్చి పంపుదురేకాని మహావక్తయని ఎవ్వరును అనరు.

‘నాకు ముందు మాటాడిన పెద్దలు అన్నియు చెప్పియే యున్నారు’ అని ప్రారంభింపుడు. పిమ్మట కూర్చుండక, వారు చెప్పినదానినే ఆద్యంతము మరల వినిపింపుడు. వేదిక నలంకరించినవారిని పేరుపేరున సంబోధించునపుడు ఒకరిని మరచుట మేలు. క్షమాపణ వేడుటలో మరి ఐదు నిమిషములు గడచును. అధ్యక్షులు చీటీ పంపినచో చిరునవ్వుతో చదివి, కాలము యొక్క అమూల్యతను గూర్చి కొంతసేపు ముచ్చటింపుడు.

పూర్వోదాహరణములకు మన పట్టణమున కొరతలేదు. 1923 డిసెంబరులో ఇచ్చట జరిగిన కాంగ్రెసు మహాసభలో అధ్యక్షులు మౌలానా మహమ్మదాలీగారి ఉపన్యాసము ఆ సంస్థ చరిత్రలోని అతిదీర్ఘోపన్యాసములలో నొకటిగా ప్రసిద్ధి కెక్కినది. అయితే ఆయనకు చెప్పవలసినది నిజముగానే యుండెను గనుక, దైర్ఘ్యమును మాత్రము గ్రహించి తక్కినది విడుచుట మనబోంట్లకు క్షేమము.

ఆ సభలనాడే ఒక దుష్టాంతమును కలదు. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛంద సేవికగా నిలిచిన పదునాలుగేండ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూగారిని ఆపివేసినది. ఎంతటి అవకాశము చేజారెనో గమనింపుడు: ఆయన త్యాగమును, తండ్రిగారి త్యాగమును కొనియాడవచ్చును, టిక్కెట్టు నియమము యొక్క పుట్టుపూర్వోత్తరములు వివరింపవచ్చును, తన ధర్మసంకటమునకు కంట తడియైన పెట్టవచ్చును. ఆ పిల్ల టిక్కెట్టు లేనిదే లోనికి పోరాదని మాత్రము చెప్పి ఊరకుండెను. నిర్వాహకులు వచ్చి కోపింపగా, మీరు చెప్పినదే చేసితినన్నది. టిక్కెట్టు కొని తెచ్చిన పిదపనే నెహ్రూగారు లోనికేగిరి. పైపెచ్చు ఆ బాలికను మెచ్చుకొనిరి కూడ! పెద్దలే ఇట్లు ప్రోత్సహించినచో మన వృత్తి ఏమి కావలెను?

కావున, అట్టి బాలిక నెవతెనైనను మీ సభలో గంట కొట్టుపనికి నియమించినట్లు తెలిసినచో, జ్వరము తగిలినదని కబురంపుడు. ఆ కబురైనను నాలుగు పుటలకు తగ్గరాదు.