కట్టుబడిదారీ వ్యవస్థ

మిర్యాలగూడలో పెట్టుబడిదారీ విధానం అన్న మాట ఎత్తితే నిమిషంలో రెండు జట్లు తయారవుతాయి. సీపీఎం జూలకంటి రంగారెడ్డిని మూడుసార్లు అసెంబ్లీకి పంపిన ఊరు ఇది. రైసు మిల్లుల ఊరు కూడా ఇదే. మొన్న చాయ్ హోటల్లో ఆ రెండు జట్లూ తగులుకున్నాయి. విషయం వైద్యం.

"దవాఖాన్లల్ల నడిచేది ముదిరిన పెట్టుబడిదారీ విధానం" అన్నాడు కామ్రేడ్.

మిల్లు సేటుకు రోషం వచ్చింది. "మా పేరు ఎందుకు ఖరాబు చేస్తవన్నా? పోటీ వస్తె రేటు దిగాలె, అదీ వ్యాపారం. ఊళ్లె ఇన్ని దవాఖాన్లు లేచినయి, ఏం దిగింది?"

సేటు మాటలో పస ఉంది. కోదాడనే చూడండి. అటు ఖమ్మం, ఇటు విజయవాడ, వెనక హైదరాబాదు. మూడు దిక్కుల ఆసుపత్రులూ అక్కడి రోగి కోసం పోటీ పడతాయి. కానీ పోటీ రోగి ముందు జరగదు, ఊరి ఆర్‌ఎంపీ ముందు జరుగుతుంది. ఆసుపత్రి పీఆర్వో బైకు మీద వస్తాడు, కొత్త సంవత్సరం డైరీ, క్యాలెండర్ ఇస్తాడు, ఆరోగ్యం అడుగుతాడు (ఆర్‌ఎంపీ గారిదే), రోగిని పంపితే స్కానింగ్‌కు ఎంత కట్, ఆపరేషన్‌కు ఎంత కట్ అన్నది చెప్పి పోతాడు. మర్నాడు ఇంకో పీఆర్వో వచ్చి ఇంకాస్త పెంచుతాడు. పెరిగిన కట్ ఆసుపత్రి జేబులోంచి పోదు కదా, బిల్లులో కలుస్తుంది. పోటీ ఎంత ముదిరితే ధర అంత పెరిగే సరుకు ప్రపంచానికి మన దగ్గరే దొరుకుతుంది. ఆడమ్ స్మిత్ 1776లో చెప్పిన అదృశ్య హస్తం ఇక్కడా ఉంది. బల్ల కింద ఉంటుంది కాబట్టి కనపడదు.

రెఫరల్ కమీషన్ తీసుకోకూడదని, ఇవ్వకూడదని వైద్య మండలి 2002లోనే నియమం పెట్టింది. రేట్ల పట్టిక అందరికీ కనపడేలా పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింది నిబంధనలు చెబుతున్నాయి. ఒకచోట పట్టిక చూశాను, ఉంది. దాని ముందు వాటర్ కూలర్ ఉంది. కూలర్ పక్కన నిలబడి మెడ చాస్తే ఈసీజీ ధర దాకా చదవొచ్చు. ఐసీయూ ధర కావాలంటే కూలర్ జరపాలి.

సీరియస్ కేసైతే సూర్యాపేట నుంచి హైదరాబాదుకు పంపుతారు. కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర అంబులెన్సుకు రుసుము లేదు. అది ఊళ్లోనే వసూలైంది.

కాన్పుల సంగతి వేరే కథ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలో మనమే ముందు. ప్రైవేటులో 81.5. పాపం మొత్తం డాక్టర్ల నెత్తిన వేయలేం. పంతులు గారు ఘడియ చెబుతారు, థియేటర్ ఎప్పుడు ఖాళీయో డాక్టర్ గారు చెబుతారు, ఇద్దరికీ కుదిరిన టైముకు బిడ్డ పుడతాడు. అడగనిది బిడ్డనొక్కడినే.

"ధరలు సర్కారే కట్టడి చెయ్యాలె" అని కామ్రేడ్ మళ్లీ అందుకున్నాడు. ఆయన దగ్గర లెక్క ఉంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. సగటున లక్షా 21 వేలు పలికిన మందు పూత స్టెంటు 30 వేల లోపుకు దిగింది. మరుసటి ఏడు కేంద్రం ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ఆసుపత్రుల బిల్లులు తిరగేస్తే, కొన్ని వస్తువుల మీద లాభం 1,700 శాతం దాటింది.

సేటు గ్లాసు కింద పెట్టాడు. "పదిహేడు వందలా! మేం క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీస్తె కలెక్టరాఫీసు ముంగట ధర్నా చేస్తరు మీరు!"

అక్కడితో ఆగితే బాగుండేది. నేనే నోరు జారి ముఖ్యమంత్రి సహాయ నిధి ఊసెత్తాను. రోగిని చేర్చుకోకుండా, వైద్యం చేయకుండా, ఉత్త బిల్లులే సృష్టించి నిధి సొమ్ము కాజేశారని 2024 ఆగస్టులో సీఐడీ పలు జిల్లాల ప్రైవేటు ఆసుపత్రుల మీద కేసులు పెట్టింది. మంచం ఖర్చు లేదు, మందు ఖర్చు లేదు, రోగి చనిపోతాడన్న భయం అసలే లేదు. ఇంత శుభ్రమైన వ్యాపారం మార్క్సు ఊహకు కూడా అంది ఉండదు.

"గిదెక్కడి మాయ?" అన్నాడు సేటు. "సరుకే లేకుండ బిల్లా?"

కామ్రేడ్ చాలాసేపటికి మొదటిసారి నవ్వాడు. "నీకు తెల్వదా సేటూ? సర్కారు వడ్లు మిల్లుకొచ్చినయి, గోడౌన్ల మాత్రం కనపడలె. కస్టమ్ మిల్లింగ్ కేసులు పేపర్ల చదవలేదా? ఆళ్లు మీ దగ్గర్నే నేర్చిన్రు."

సేటు లేచి, అందరి చాయ్ పైసలూ తానే ఇచ్చి, మిల్లులో పనుందని వెళ్లిపోయాడు.