షెల్లు మడి

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. స్క్రిప్టు పనిచేస్తోందంటే సంతోషించడు. "ఎక్కడ?" అంటాడు. "నా ల్యాప్‌టాప్‌లో సార్" అన్న కుర్రాడి వంక, మైలబట్టతో వంటింట్లోకి వచ్చినవాణ్ని చూసినట్టు చూస్తాడు. షెల్లులన్నిటికీ ఉమ్మడిగా రాసిన పోసిక్స్ ప్రమాణంలో లేనిది ఏదైనా ఆయనకి అంటు. మొదటి వరుసలో బిన్ ఎస్‌హెచ్ అని రాసి, కింద బ్యాష్ మార్కు జంట చదరపు బ్రాకెట్లు పెట్టారా, ఆ పూటకి మీ టీ చల్లారినట్టే.

"ఉబుంటులో 2006 నుంచీ ఎస్‌హెచ్ అంటే డ్యాష్ నాయనా, దానికి జంట బ్రాకెట్లు తెలీవు. ఆల్పైన్ కంటైనర్లో అసలు బ్యాషే ఉండదు. మ్యాక్‌లో ఉందంటావా? లైసెన్సు జీపీఎల్ 3కి మారాక యాపిల్ వాళ్లు 3.2 దగ్గరే ఆగిపోయారు. 2019 నుంచి జెడ్‌ఎస్‌హెచ్ చేతికిస్తున్నారు. అందులో అర్రేలు ఒకటితో మొదలు!"

ఎకో వాడితే మరీ మంట. మాటలో బ్యాక్‌స్లాష్ ఎన్ ఉంటే బ్యాష్ ఉన్నదున్నట్టు చూపిస్తుంది, డ్యాష్ కొత్త వరుసలోకి దూకుతుంది. అందుకని ఆయన ప్రింట్‌ఎఫ్ తప్ప ముట్టడు. ఇంతవరకూ న్యాయమే. కానీ డాలరు పెట్టి బ్రాకెట్లలో కమాండు రాసే పద్ధతి 1992 నాటి పోసిక్స్‌లోనే ఉన్నా, ఆయన బ్యాక్‌టిక్కులు వదలడు. సొలారిస్ 10లోని పాత బోర్న్ షెల్లుకి డాలరు పద్ధతి అర్థం కాదట. మా ఆఫీసులో సొలారిస్ మిషను లేదు. "క్లయింటుకి ఉంటే?" అంటాడు. క్లయింటు ఫంక్షన్ హాళ్లు బుక్ చేసే యాప్ వాళ్లు.

చిక్కేమిటంటే, ఆయన మాట నెగ్గే రోజులొస్తాయి. టెర్మినల్లో చక్కగా నడిచిన కుర్రాడి స్క్రిప్టు అర్ధరాత్రి క్రాన్‌లో చతికిలబడుతుంది. పొద్దున్నే ఆయన వచ్చి, "క్రాన్ ఎస్‌హెచ్‌తో కదా నడుపుతుంది, బంగారం" అంటాడు తియ్యగా. అంతకంటే తిట్టినా బాగుండు. ఆ వారమంతా, స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ పెట్టే ప్రతి పసుపు గీతకీ సంజాయిషీ చెప్పుకోవాలి.

ఆయన సొంత టెర్మినల్లో మటుకు ఫిష్ షెల్లు. అది పోసిక్స్‌కి కట్టుబడదని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. ఇదేంటి సార్ అని అడిగితే, "అది స్క్రిప్టులకి కాదోయ్, సొంతానికి" అని స్క్రీను కాస్త గోడవైపు తిప్పుకుంటాడు.