‘కోచ్‌ని మార్చల్ల’: టీకా తాత్పర్య సహితం

అవతారిక. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఓడిన రాత్రి హెబ్బాళ దాటి ఉత్తరానికి వచ్చే బస్సుల్లో ఒక మహావాక్యం పుడుతుంది. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయం అందామంటే అందులో పౌరుషం బోలెడుంది.

మూలం: “టీము బాగుపడల్లంటే కోచ్‌ని మార్చల్ల.”

పాఠాంతరాలు. పైది చిక్కబళ్ళాపురం పాఠం. బాగేపల్లి ప్రతిలో ‘మార్చల్ల’కు బదులు ‘ఇంటికి పంపల్ల’ అని ఉంది. చింతామణి ప్రతి కన్నడ సాంగత్యంతో కాస్త పెరిగింది: “ఈయప్పని సుమ్నే ఎందుకు పెట్టుకోనుండారు? పంపిచ్చేయల్ల.” (సుమ్నే = ఊరికే.) కైవారం నారాయణ తాత తెలుగులో కాలజ్ఞానం చెప్పిన తాలూకా కాబట్టి, వచ్చే మ్యాచ్ ఫలితం కూడా ముందే చెప్పేవాళ్ళు చింతామణిలో ఎక్కువ. మూడు పాఠాల్లోనూ అర్థం ఒకటే, కోపం పాళ్ళే వేరు.

ప్రతిపదార్థం. టీము = గెలిచినప్పుడు మనది, ఓడినప్పుడు వాళ్ళది; బాగుపడల్లంటే = వచ్చే మ్యాచ్‌కల్లా గెలవాలంటే; కోచ్‌ని = గోల్ వేయలేనివాణ్ణీ, గోల్ ఆపలేనివాణ్ణీ వదిలేసి, గీత అవతల నిలబడి అరిచే ఆ ఒక్క మనిషిని; మార్చల్ల = మార్చాలి. మార్చాల్సింది ఎవరో మూలంలో లేదు కాబట్టి ‘యజమానులు’ అని అధ్యాహారం చేసుకోవాలి. బెంగళూరు విషయంలో వాళ్ళు జేఎస్‌డబ్ల్యూ ఉక్కు కంపెనీ వాళ్ళు. జట్టు మొత్తాన్ని మార్చాలంటే డబ్బు కావాలి, ట్రాన్స్‌ఫర్ విండో తెరుచుకోవాలి. కోచ్‌ను మార్చడానికి ఒక ప్రకటన చాలు. వాక్యం ఇంత ప్రచారంలోకి రావడానికి అసలు కారణం ఈ సౌలభ్యమే.

పూర్వపక్షం. “మార్చితే గెలుస్తారు, చెల్సీని చూడండి” అంటాడు ప్రతివాది. 2012 మార్చిలో విలాస్-బోవాస్‌ను పంపేశారు, మే నెలలో డి మాటియో చేతిలో చాంపియన్స్ లీగ్ కప్పు ఉంది. 2021 జనవరిలో లాంపార్డ్‌ను పంపి టూకెల్‌ను తెచ్చారు, మళ్ళీ మే నెలలోనే అదే కప్పు. కాదనడానికి లేదు. అయితే ఆ జట్టు మీద కుమ్మరించిన డబ్బు ముందు మన లీగంతా చిల్లర కొట్టు. దానికి ఎదురుగా మాంచెస్టర్‌లో ఫెర్గూసన్‌ను ఓపికగా ఉంచుకున్న కథ చెప్పడం వాడుక. అందరూ చెప్పేదే కాబట్టి వ్యాఖ్యాత దాన్ని వదిలి, బస్సు దూరంలో ఉన్న సాక్ష్యానికే వస్తున్నాడు.

2019 మార్చి 17న ముంబైలో గోవాను అదనపు సమయంలో 1-0తో ఓడించి, బెంగళూరుకు తొలి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టైటిల్ తెచ్చిపెట్టిన కోచ్ కార్లెస్ క్వాద్రాత్. 2021 జనవరిలో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడేసరికి క్లబ్ ఆయన్ను సాగనంపింది. మూడంటే మూడు. సీజన్ సగమైనా కాలేదు. తరువాత జట్టు బాగుపడిందా? ఏడో స్థానంలో నిలిచి, ఐఎస్‌ఎల్‌లో మొదటిసారి ప్లేఆఫ్ బయట ఉండిపోయింది.

సైమన్ గ్రేసన్ సంగతి ఇంకా రసవత్తరం. 2022 సెప్టెంబరులో డ్యూరాండ్ కప్ గెలిపించిన ఆ మనిషే, ఆ వెంటనే మొదలైన లీగ్‌లో జట్టును పట్టిక అడుగు భాగంలో పడేశాడు. మహావాక్య పారాయణం జోరందుకుంది. క్లబ్ ఎందుకో వినిపించుకోలేదు. ఓపిక పట్టిందో, చేతిలో వేరే పేరు లేదో! అదే జట్టు అదే కోచ్ కింద వరుసగా ఎనిమిది లీగ్ మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్‌కు చేరింది. కేరళతో మ్యాచ్‌లో సునీల్ ఛెత్రీ వేసిన ఫ్రీకిక్, దాని మీద అలిగి కేరళ ఆటగాళ్ళు మైదానం వదిలి వెళ్ళిపోవడం ఈ భాగంలోవే. 2023 మార్చి 18 ఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయారు.

తొమ్మిది నెలలు కూడా నిండలేదు. డిసెంబరులో ముంబై చేతిలో 0-4తో ఓడగానే ఆ గ్రేసన్‌నే పంపేశారు. వచ్చిన జెరార్డ్ సారగోసా ఆ సీజన్‌ను ఒడ్డుకు చేర్చలేకపోయాడు. పన్నెండు జట్లలో పదో స్థానం. మొదటి నుంచీ జట్టును తన చేతిలో పెట్టిన 2024-25లో మాత్రం ఫైనల్‌కు తీసుకెళ్ళాడు.

విశేషం. 2025 జూలైలో నంది కొండ మీద సమావేశమైన కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లి పేరును భాగ్యనగరంగా మార్చడానికి ఒప్పుకుంది. పేరు కలిసింది కాబట్టి రెండో భాగ్యనగరాన్నీ ఇక్కడే విచారించాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ తన తొలి సీజన్లోనే, 2020 జనవరిలో, ఫిల్ బ్రౌన్‌ను తొలగించింది. అయినా పది జట్లలో పదోదిగానే ముగిసింది. తరువాత వచ్చిన మనోలో మార్కేజ్ మొదటి ఏడాది జట్టును ఐదో స్థానం దాకానే తేగలిగాడు, ప్లేఆఫ్ అందలేదు. ఆయన్ను ఉంచారు. 2022 మార్చి 20న కేరళను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ కప్పు ఎత్తుకుంది.

సిద్ధాంతం. పై ఐఎస్‌ఎల్ ఉదాహరణల్లో సీజన్ నడుమ జరిగిన మార్పు ఒక్కటీ ఆ సీజన్‌ను కాపాడలేదు. సారగోసా గెలుపులు కూడా పూర్తి సీజన్ చేతికిచ్చాకే వచ్చాయి. కాబట్టి మూలంలోని ‘మార్చల్ల’కు ముందు ‘సీజన్ అయినాంక’ అన్న మాట లేఖక ప్రమాదంలో జారిపోయిందని వ్యాఖ్యాత అభిప్రాయం. ఆ మాట చేర్చి చదువుకుంటే దోషం పోతుంది. ఇందులో కోచ్ మీద ప్రేమ అవసరం లేదు, క్యాలెండర్ చాలు.

తాత్పర్యం. ఈ సిద్ధాంతానికి పాత హైదరాబాదే పెద్ద దిక్కు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చినవాడు, మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 చూశాడు. ఇంత ఓటమి చూసిన కోచ్‌కు ఈ రోజుల్లో తిరుగు విమానం టికెట్టు దొరకడమే ఎక్కువ. 1956లో మెల్‌బోర్న్‌కు జట్టును తీసుకెళ్ళింది మళ్ళీ ఆయనే, నాలుగో స్థానం.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియాతో 0-2. మహావాక్యానికి అంతకన్నా అనువైన ఘడియ ఉండదు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియా మీద 2-1 గెలుపు, రెండో గోల్ జర్నైల్‌ది. 1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు. ఆ తరువాత భారత జట్టుకు ఎందరో కోచ్‌లు మారారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం మళ్ళీ రాలేదు.