చెక్ ట్రే నాన్న

మైపాడు పక్క రొయ్యల గుంటలు పెట్టినోడికి తెల్లారితే ఒకటే యావ: పేగు. మేత చల్లాక కాసేపాగి చెక్ ట్రే పైకి లాగాలి. నాలుగు వనామీ రొయ్యల్ని అరచేతిలో వేసుకుని వెలుతురుకెత్తి చూడాలి. వీపు మీది నల్లగీత తోక దాకా నిండుగా ఉంటే ఆ పూట మనకు అన్నం సయిస్తుంది. గీత మధ్యలో తెగిందా, తెల్లబడిందా, ఇక ఆక్వా షాపు వాడిదే రాజ్యం. గట్ ప్రోబయోటిక్ ఒక సీసా, ఎంజైమ్ పొడి ఒక డబ్బా, అవి మేతకు అంటుకోవడానికి జిగురు ఇంకో డబ్బా. 2009లో వనామీ సాగుకు కేంద్రం సరే అన్నాక, మా తీరంలో రొయ్యల అజీర్తి మీద జరిగినంత చర్చ మనుషుల అజీర్తి మీద జరిగి ఉండదు.

అట్లాంటి వాడి కూతురు, ఎనిమిదేళ్లది, పాలు తాగినప్పుడల్లా పొట్ట పట్టుకుని మెలికలు తిరగడం మొదలుపెట్టింది. నేను బాత్రూమ్ తలుపు దగ్గర కాపు కాశాను. "ఎట్టుండాది తల్లీ? గట్టిగా ఉందా, నీళ్లగా ఉందా? రంగేంది?"

"అది బిడ్డండీ, పట్టుబడికొచ్చిన సరుకు కాదు" అంది మా ఆవిడ.

నెల్లూరులో పిల్లల డాక్టరు తేలిగ్గానే తేల్చేశారు. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని విరగ్గొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగు గోడలో తయారవుతుంది. పసితనం దాటాక చాలామందికి అది తగ్గిపోతుంది. దక్షిణాదిలో సగానికి పైగా జనం ఈ బాపతే. విరగని చక్కెర పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియాకు పండగ, మనకు గ్యాసూ గుడగుడా విరేచనాలూ. "భయపడే జబ్బేం కాదు. పాలు తగ్గించి పెరుగు పెట్టండి. కావాలంటే లాక్టేజ్ చుక్కలున్నాయి" అన్నారు. ఆ "కావాలంటే" ఒక్కటీ నా చెవికెక్కలేదు.

చుక్కలు తెచ్చీ తేగానే పొంగుతున్న పాలలో పోశాను. ఎంజైమ్ కూడా ప్రొటీనే, వేడికి కోడిగుడ్డులా ఉడికి పనికిరాకుండా పోతుందని సీసాతో వచ్చిన కాగితంలో ఉంది. కాగితాలు చదివే అలవాటు గుంట మందులకే. రెండోసారి చల్లారిన పాలలో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్నే మా అమ్మ ఒక గుటక రుచి చూసి, "ఏంది నాయనా, బిడ్డకు ఇంతింత చక్కెర పోసి తాపుతుండావు?" అంది. లాక్టోజ్ విరిగితే గ్లూకోజూ గెలాక్టోజూ అవుతాయి, నాలుకకు ఆ రెండూ లాక్టోజ్ కంటే తియ్యగా ఉంటాయి అని క్యాలెండర్ వెనక బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. విని, చక్కెర డబ్బా తీసుకెళ్లి తన బీరువాలో పెట్టుకుంది.

బిడ్డకు నొప్పి తగ్గింది. అదే కొంప ముంచింది. ఒక సీసా పనిచేసేసరికి మిగతా సీసాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. పప్పు తింటే గ్యాసు రాకుండా ఆల్ఫా గెలాక్టోసిడేజ్, మొలగొలుకుల అన్నానికి డయాస్టేజ్ సిరప్పు. 1894లోనే టకామినే అనే జపాన్ ఆయన బూజు నుంచి డయాస్టేజ్ తీసి అమెరికాలో పేటెంట్ పుచ్చుకున్నాడని భోజనాల దగ్గర ఉపన్యాసం కూడా ఇచ్చాను. అన్నం అరగడం నోట్లో ఉమ్మితోనే మొదలవుతుంది. స్కూలు బస్సు హారన్ కొడుతుంటే ముద్దలు మింగించే తండ్రి, బిడ్డ నమలడానికి టైమివ్వకుండా సిరప్పు ఇస్తున్నాడన్నమాట. ఫ్రిజ్ తలుపు ఆక్వా షాపు అరలా తయారైంది.

ఇక రొయ్యల ఇగురు. అది తిన్నప్పుడల్లా పెదాలు దురదగా ఉన్నాయని బిడ్డ అంటుండేది. రొయ్యల రైతు ఇంట్లో రొయ్య అరగకపోవడమా అని ముందుగా సిరప్పు పట్టించి మరీ తినిపించాను. పెదాలు బూరెల్లా వాచాయి. రాత్రికి రాత్రి నెల్లూరు పరుగు.

డాక్టరు ఇంజెక్షన్ చేసి, బిడ్డ తేరుకున్నాక నా వైపు తిరిగారు. "అరగకపోవడం వేరు, అలర్జీ వేరు. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఒళ్లు దాన్ని శత్రువనుకుని యుద్ధానికి దిగుతోంది. వండినా అది మారదు, కడుపులో పెప్సిన్‌కే ఓ పట్టాన లొంగదు. మీ సిరప్పు ఏం చేస్తుంది? రొయ్య ముక్క కూడా పెట్టొద్దు" అన్నారు. గుంటలో టన్నుల సరుకు, ఇంట్లో ఒక్క రొయ్యకు చోటు లేదు.

పనిలో పనిగా పాత చీటీ తిరగేసి, "పాలు పడకపోవడం వంశంలో వస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు. ఎవరికీ లేదన్నాను, ధీమాగా.

"ఈయన పొద్దున్నే పెద్ద గ్లాసుడు కాఫీ తాగి పేపరు పట్టుకుని లోపలికి పోతే, పేపరు మొత్తం అయ్యేదాకా బయటికి రారు సార్" అంది మా ఆవిడ. "చదువు మీద ఇష్టం అనుకుంటుండాం ఇన్నాళ్లూ."

ఇంటికొచ్చాక లాక్టేజ్ సీసా మీద స్కెచ్ పెన్నుతో బిడ్డ పేరు రాసి పై అరలో పెట్టింది. నాకూ రెండు చుక్కలని చెయ్యి చాపాను.

"మీకు ఆక్వా షాపులో ఖాతా ఉండాదిగా," అంది, "అక్కడ తెచ్చుకోండి."