పది కిలోమీటర్లు, సుమారుగా

మన ఊళ్లలో రోడ్డు పరుగు పందేలు పెట్టేవాళ్ల చెయ్యి చాలా పెద్దది. టీషర్టు ఇస్తారు. మెడల్ ఇస్తారు, అదీ అలాంటిలాంటిది కాదు, వేసుకుంటే మెడ వంగేంత. అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్, కాగితం ప్లేటులో ఉప్మా, స్పాన్సర్ షాంపూ ప్యాకెట్, పళ్ల డాక్టరుగారి డిస్కౌంటు కూపను... సంచీ నింపి పంపిస్తారు. స్టేజీ మీద జుంబా, చెవులు చిల్లులు పడేలా డీజే, వీటికి తోడు ఒక సామాజిక సందేశం ఉచితం. పందెం అన్నాక ఉండి తీరాల్సినవి రెండే రెండు: కొలిచిన దూరం, చెప్పిన వేళ. ఆ రెండూ మాత్రం అడక్కూడదు. అడిగామా, "సరదాకి పరిగెత్తేవాళ్లకి ఇన్ని లెక్కలెందుకు సార్?" అని ఓ నవ్వు నవ్వుతారు.

అసలు సరదాకి పరిగెత్తేవాడికే లెక్క కావాలి. మొదట వచ్చేవాడికి దూరం ఎంతయితేనేం? రెండోవాడికంటే ముందుంటే చాలు, డబ్బులొస్తాయి. నాకు ప్రైజు వచ్చే ప్రమాదం ఎన్నడూ లేదు. గుంపులో నడిమధ్యకి కాస్త వెనకగా, నా వయసువాళ్ల ఆయాసాలు వింటూ పోతుంటాను. నాకున్న పోటీ అల్లా పోయినేడాది నాతోనే. పోయినేడాది నేను పరిగెత్తింది పది కిలోమీటర్లా, తొమ్మిదీ చిల్లరా అన్నదే తేలకపోతే ఇక పోటీ ఎవరితో?

ముందు వేళ సంగతి చూద్దాం. కరపత్రంలో ఐదున్నర అని ఉంటుంది. రిపోర్టింగ్ నాలుగున్నర. అంటే మూడింటికి లేవాలి, ఇంట్లోవాళ్ల చేత చీవాట్లు తినాలి, చీకట్లో కుక్కల్ని తప్పించుకుంటూ బండి మీద చేరాలి. చేరాక ఐదున్నరకి మైకు చెబుతుంది: "ముఖ్య అతిథిగారు బయల్దేరారు." పావుగంటకి "దారిలో ఉన్నారు." ఇంకో పావుగంటకి "దగ్గర్లో ఉన్నారు." ఆయన ఎంత దగ్గరికి వస్తే ఆలస్యం అంత పెరగడం ఎలాగో ఆ మైకుకే తెలియాలి. ఈ ఖాళీని పూడ్చడానికే దేవుడు జుంబాని సృష్టించాడు. వార్మప్ అయిపోయి, ఒళ్లు చల్లారిపోయి, మళ్లీ వార్మప్ మొదలవుతుంది. పది కిలోమీటర్లకని దాచుకున్న సత్తువలో రెండు కిలోమీటర్లది అక్కడే డీజేకి సమర్పించుకుంటాం.

వచ్చాక మాత్రం ఊరికే ఉంటారా? రోడ్డు మీద, గాల్లో, జ్యోతి ప్రజ్వలన చేయాలి. అది ఆరుతుంది. మళ్లీ వెలిగించాలి. శాలువా, బొకే, మెమెంటో, గాల్లోకి బెలూన్లు. ప్లాస్టిక్ వద్దని పరుగు పెట్టినచోట బెలూన్లేమిటని అడగబోయిన పక్కవాడి చొక్కా నేనే లాగి ఆపాను. ఆ ప్రశ్నకి జవాబు కూడా ప్రసంగంలో కలిపేస్తారేమోనని భయం. పరుగు ఆరోగ్యానికి ఎంత మంచిదో పన్నెండు నిమిషాలు వింటూ నిలబడి కాళ్లు పట్టేసినవాళ్లు మా వెనక చాలామందే ఉన్నారు.

కోస్తాలో ఆ ముప్పావుగంట ఆలస్యం అంటే ఏమిటో పరిగెత్తేవాడికి తెలుసు. ఎండ ఒక్కటే కాదు, ఉక్క. చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. టోక్యో ఒలింపిక్స్‌వాళ్లు ఎండకి జడిసి మారథాన్‌ని టోక్యోలోంచే లేపేసి ఉత్తరాన సపోరోకి తీసుకుపోయారు. అక్కడా వేడిగానే ఉంటుందని తెలిసి, 2021 ఆగస్టు 7న ఏడింటికి మొదలవ్వాల్సిన ఆడవాళ్ల పందేన్ని ముందురోజు రాత్రి కబురుచేసి మరీ ఆరింటికి జరిపారు. ప్రపంచమంతా టీవీల ముందు కూర్చునే పందేన్ని సూర్యుడి కోసం గంట ముందుకి జరపగలిగారు. మనవాళ్లు అదే గంటని అతిథి కోసం వెనక్కి జరుపుతారు. సూర్యుడికి ప్రోటోకాల్ లేదు కాబోలు.

జెండా ఊపే ఘట్టం మరీ చూడదగ్గది. మొదటి వరసలో నిలబడేది పరిగెత్తేవాళ్లు కాదు. ఇస్త్రీ నలగని టీషర్టుల్లో స్పాన్సర్లు, వార్డు నాయకులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు. రోడ్డుకి అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బ్యానర్ పట్టుకుని ఉంటారు. వాళ్ల వెనక, కాళ్లు గీరుతూ, వాచీల మీద వేళ్లు పెట్టుకుని వందలమంది. జెండా ఊగుతుంది. మొదటి వరస పది అడుగులు వేస్తుంది, ఫొటో కోసం ఆగుతుంది. ఫొటోగ్రాఫరు "ఇంకొక్కటి సార్" అంటాడు. వెనకనుంచి వచ్చే వేగానికి ఆ బ్యానర్ ఓ పక్క చిరుగుతుంది, మధ్యలో ఒకాయన చెప్పు ఊడుతుంది, కాసేపు ఎవరు ఎవరిని తొక్కుతున్నారో తెలియదు. మర్నాడు పేపర్లో బొమ్మ వచ్చేది ఆ పది అడుగులదే. కింద "ఉత్సాహంగా పరుగు తీసిన ప్రముఖులు" అని ఉంటుంది.

ఈ పది అడుగుల కళ మనకి 2కే రన్‌ల నుంచి అబ్బింది. మత్తుమందులు వద్దన్నా 2కే, ఓటు వేయమన్నా 2కే, గుండె జాగ్రత్తన్నా 2కే. అక్టోబరు 31న పటేల్ జయంతికి ఐక్యత కోసం ఎలాగూ తప్పదు. కాలేజీ పిల్లల్ని బస్సుల్లో తెచ్చి, హాజరు వేసి, టీషర్టులు తొడిగి, కలెక్టరాఫీసు నుంచి క్లాక్ టవర్ దాకా నడిపిస్తారు. నాకు వాటిమీద కోపమేం లేదు. అక్కడ దూరం కొలుస్తామని ఎవరూ చెప్పలేదు, డబ్బులూ తీసుకోలేదు. ఎనిమిది వందలు కట్టించుకుని, గుండె మీద నంబరు అంటించి, చిప్ పెట్టి, "టైమ్డ్ రన్" అని పేరుపెట్టి, అదే 2కే మర్యాదలు చేస్తేనే నాకు మండేది.

ఇక దూరం.

మా చుట్టుపక్కల దూరాన్ని కొలిచే పద్ధతులు మూడు. కారు మీటరు చూడటం ఒకటి. ఫోన్లో మ్యాపు తెరిచి వేలితో గీయడం రెండోది. పోయినేడాది పెట్టినవాళ్లని అడగడం మూడోది, బాగా చెలామణిలో ఉన్నదీ అదే. ఈ మూడింటికీ మించిన అధికారం యూటర్న్ దగ్గర నిలబడే వాలంటీరు కుర్రాడిది. "పెట్రోలు బంకు దాటాక కోను పెట్టు" అని చెబితే, బంకు ముందు వేపచెట్టు నీడ బాగుందని అక్కడే పెడతాడు. అతణ్ణి తప్పుపట్టలేం, ఎండ అలాంటిది, అతిథి ఆలస్యం అలాంటిది. కానీ ఆ నీడ కోసం పోయింది రెండొందల మీటర్లు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి నాలుగొందలు.

సరైన పద్ధతి లేక కాదు. సైకిల్ ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగిస్తారు. చక్రం ఎంత తిరిగిందో అది లెక్కపెడుతుంది. ముందు ఉక్కు టేపుతో కొలిచిన దారి మీద సైకిల్‌ని పలుమార్లు నడిపి, ఎన్ని అంకెలకి ఎన్ని మీటర్లో తేలుస్తారు. కొలత అయ్యాక మళ్లీ అదే దారి మీద నడిపి సరిచూస్తారు, ఎండకి టైరులో గాలి ఉబ్బితే లెక్క మారుతుంది గనుక. మలుపుల దగ్గర అంచుకి ముప్పై సెంటీమీటర్ల దూరంలో, పరిగెత్తేవాడు పోగలిగిన అతి దగ్గరి దారిలో తొక్కాలి. ఇంత చేశాక కూడా నమ్మకం చాలక కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు. పది కిలోమీటర్ల దారి 10,010 మీటర్లు ఉంటుందన్నమాట. మారథాన్‌కైతే నలభై రెండు మీటర్లు కొసరు. కావలసిందల్లా ఒక సైకిల్, ఒక టేపు, తెల్లవారుజామున ట్రాఫిక్ ఆపే ఇద్దరు మనుషులు. డీజే ఖర్చుతో పోలిస్తే ఇదొక ఖర్చే కాదు.

వాచీ 9.3 చూపించిందని అడిగితే మనవాళ్ల దగ్గర సిద్ధంగా ఒక సమాధానం ఉంది: "జీపీఎస్ తప్పు చూపిస్తుంది సార్." నిజమే, చూపిస్తుంది. కాకపోతే ఎటువైపు అన్నది చెప్పరు. కొలిచింది అతి దగ్గరి దారి. మనం పోయేది ఆటోని, గుంతని, సెల్ఫీ తీసుకునేవాణ్ణి తప్పించుకుంటూ వంకర్లు. అందుకని సరిగ్గా కొలిచిన దారి మీద వాచీ మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. పదికి పదీ పాయింటు ఒకటో రెండో వస్తే కంగారు పడక్కర్లేదు. ఫ్లైఓవరూ సొరంగమూ లేని తిన్నని రోడ్డు మీద నలుగురి వాచీలూ ఒక్కతీరుగా తొమ్మిదిన్నరకి లోపే ఆగాయంటే తప్పు ఆకాశంలో ఉపగ్రహాలది కాదు, వేపచెట్టుది.

పొరపాట్లు అందరూ చేస్తారు, ఒప్పుకుంటాను. మాంచెస్టర్ మారథాన్ 2013, 2014, 2015 మూడేళ్లూ 380 మీటర్లు తక్కువ ఉందని 2016లో మళ్లీ కొలిస్తే తేలింది. ఇరవై వేల పైచిలుకు మంది టైములు గంగలో కలిశాయి. గ్లాస్గోలో 2016 హాఫ్ మారథాన్ 149.7 మీటర్లు తగ్గిందని తెలిసి, అందులో కాలమ్ హాకిన్స్ నెలకొల్పిన స్కాటిష్ రికార్డుని కొట్టేశారు. ఆ పాయింటు ఏడుని చూడండి. తక్కువైన దూరాన్ని కూడా పది సెంటీమీటర్ల దాకా కొలిచి మరీ చెప్పారు. 2021లో బ్రైటన్‌లోనైతే ఒక కోను పక్కకి పెట్టడంతో మారథాన్ 568 మీటర్లు ఎక్కువైంది. కోన్ల విషయంలో మన కుర్రాళ్లు ఒంటరివాళ్లు కారు. అక్కడివాళ్లు నిర్వాహకుల చేత క్షమాపణ చెప్పించుకున్నారు. ఇక్కడ అడిగినవాణ్ణి వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు.

నిర్వాహకుల్ని అనేసి చేతులు దులుపుకోవడమూ న్యాయం కాదు. తక్కువ దూరం మనకీ ఇష్టమే. ఆ ఆదివారం మధ్యాహ్నానికి ఊళ్లో స్టేటస్‌లు చూడండి: అందరికీ "పర్సనల్ బెస్ట్" వచ్చేసింది. మోకాలికి పట్టీ కట్టుకున్న బ్యాంకు మేనేజరుగారు ఐదు నిమిషాలు తగ్గించారు. ప్రాక్టీసే చేయని మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ నాలుగు తగ్గించాడు. ఊరు ఊరంతా ఒక్కసారిగా చిరుతపులులైపోతే ఎవరికీ అనుమానం రాదు, నీళ్లలో ఏదైనా ఉందేమోనని కూడా అడగరు. కూరగాయల బండివాడు కిలోకి యాభై గ్రాములు తగ్గిస్తే తక్కెడ లాక్కుని తగువుపడే ఈ మనుషులే, కిలోమీటరుకి డెబ్భై మీటర్లు తగ్గించినవాడికి దండం పెడతారు. హైదరాబాద్ మారథాన్‌కి ఆగస్టులో వెళ్లొచ్చినవాళ్లు నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఆ ఫ్లైఓవర్లనీ జూబ్లీహిల్స్ ఎత్తుల్నీ తిట్టుకుంటూ వస్తారు, టైము చెప్పమంటే మాట మారుస్తారు. మా ఊరి పందెంలో టైము అడక్కపోయినా చెబుతారు.

నీళ్ల గురించి ఒక్క మాట. ముందు పోయేవాళ్లకి చల్లటి నీళ్లు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకి వేడి నీళ్లు, మా వెనకాల వచ్చే పెద్దమ్మలకి ఖాళీ అట్టపెట్టెలు. ఎండలో ఎక్కువసేపు ఉండేది వాళ్లే అని ఎవరికీ తట్టదు. ఆ సమయానికి నీళ్ల సీసాలన్నీ స్టేజీ మీద ప్రముఖుల ముందు వరసగా ఉంటాయి, మూత తీయకుండా.

ఈ తతంగంలో నిజంగా పరిగెత్తేవాళ్లు కొందరుంటారు. పల్లెల నుంచి, హాస్టళ్ల నుంచి ముందురోజు రాత్రే వచ్చి బస్టాండులో పడుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు. అరిగిన బూట్లతో, కొందరు ఉత్తకాళ్లతో. వీళ్లలో చాలామంది కానిస్టేబుల్ ఉద్యోగాలకి తయారవుతున్నవాళ్లు. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఒక్క సెకను దాటితే మళ్లీ నోటిఫికేషన్ దాకా ఇంట్లో కూర్చోవడమే. ఆ మైదానంలో దూరం పదిమీటర్లు అటూ ఇటూ అయితే హైకోర్టులో పిటిషన్ పడుతుంది. సరదాకి పరిగెత్తుతున్నావు కదా అని అక్కడ వాళ్లతో అని చూడమనండి.

పది కిలోమీటర్ల పందేన్ని వాళ్లు ముప్పై చిల్లర నిమిషాల్లో ముగించేసి, స్టేజీ పక్కన ఎండలో కూర్చుంటారు. బహుమతులివ్వడానికి అతిథిగారు ఉండాలి. అతిథిగారు టిఫినుకి వెళ్లారు. తొమ్మిదింటి బస్సు పోతుంది, పదింటిది పోతుంది. పదకొండు దాటాక పేరు పిలుస్తారు, తప్పుగా. గెలిచిన కుర్రాడి చేతిలో ఆరడుగుల ఫోమ్‌బోర్డు చెక్కు పెడతారు. అంకె అంత పెద్దగా రాస్తే రోడ్డవతలి టీకొట్టుకి కూడా కనిపిస్తుంది. డబ్బులు మాత్రం "పది పదిహేను రోజుల్లో అకౌంట్లో వేస్తాం తమ్ముడూ, పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చి వెళ్లు" అంటారు. ఆదివారం జిరాక్స్ షాపు ఉండదు. ఆ చెక్కు పల్లెవెలుగు బస్సు తలుపులో పట్టదు, అడ్డంగా తిప్పినా పట్టదు, కండక్టరు లగేజీ టికెట్ అడుగుతాడు.

కానీ ఒకటి చెప్పుకోవాలి. ఆరడుగులని చెప్పిన ఆ చెక్కు నిజంగా ఆరడుగులే ఉంటుంది, కావలిస్తే టేపు పెట్టి చూడండి. అది చేసింది ఫ్లెక్సీ షాపువాడు. అతను చదరపు అడుగుకి ఇంత అని లెక్కకట్టి, కొలిచాకే డబ్బులు తీసుకుంటాడు.