సరి - బేసి

అమీర్‌పేటలో జావాస్క్రిప్టు నేర్చుకునే రోజుల్లో ఆ కుర్రాడు చిన్నచిన్న ఫంక్షన్లన్నీ ఒకచోట రాసి పెట్టుకున్నాడు. మాటను తిరగేసేది, లిస్టులో రెండోసారి వచ్చినవి ఏరేసేది, నంబరు సరో బేసో తేల్చేది. అన్నీ గిట్‌హబ్‌లో పెట్టి, రీడ్‌మీలో ఒక్క ముక్క రాశాడు: 'నేర్చుకుంటూ రాసుకున్నవి.'

మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. మొదట అప్పగించింది టోకెన్ల పని. సరి నంబర్లు ఒక కౌంటరుకు, బేసి నంబర్లు రెండో కౌంటరుకు వెళ్లాలి. కుర్రాడు తన ఫంక్షన్ తెచ్చి అందులో పెట్టాడు.

కోడ్ రివ్యూలో టీమ్ లీడ్ దాని దగ్గర ఆగాడు.

"ఇదెక్కడిది?"

"నేనే రాశానన్నా. రెండుతో భాగిస్తే శేషం ఒకటి వచ్చినవే బేసి అని ముందు రాశాను. మైనస్ మూడు ఇస్తే సరి అంది. జావాస్క్రిప్టులో దానికి శేషం మైనస్ ఒకటి వస్తుంది. ఒకటి కాదు కాబట్టి సరి కింద కట్టేసింది. అప్పుడు మైనస్ గుర్తు తీసేసి చూసేలా మార్చాను. టెస్టు కూడా రాశాను."

"టోకెను మీద మైనస్ మూడు ఉంటుందా?"

పక్క సీట్లలో నవ్వారు.

లీడ్ గిట్‌హబ్ తెరిచి రీడ్‌మీ చూశాడు. "నేర్చుకుంటూ రాసుకున్నవని నువ్వే పెట్టుకున్నావు. నేర్చుకునేవాళ్లు రాసింది ప్రొడక్షన్‌లోకి పంపుతామా? ఎన్‌పీఎంలో ప్యాకేజీ ఉంటుంది, అది వాడు."

"2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీని రాసినాయనే తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులూ ఆగిపోయాయట కదన్నా. మొత్తం 11 లైన్లేనట."

"అప్పటికి నువ్వు ఏ క్లాసు?"

కుర్రాడు ఈజ్-ఈవెన్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాడు. దాని వెంట ఈజ్-ఆడ్ దిగింది. ఈజ్-ఆడ్ వెంట ఈజ్-నంబర్ దిగింది. మొదటిదాన్ని తెరిచి చూశాడు. సరి సంగతి దానికేమీ తెలియదు. నంబరు తీసుకెళ్లి ఈజ్-ఆడ్‌కు ఇస్తుంది. బేసి అని జవాబు వస్తే సరి కాదంటుంది, కాదని వస్తే సరి అంటుంది. అంతా కలిపి ఒక్క లైను. కుర్రాడిదీ ఒక్క లైనే.

"మైనస్ మూడు ఇచ్చి చూడు," అన్నాడు లీడ్.

ఇచ్చాడు. సరి కాదంది.

"చూశావా, అనుభవం ఉన్నవాళ్లు ఎంత దూరం ఆలోచిస్తారో!"

కుర్రాడు తన ఫంక్షన్ చెరిపేశాడు. టెస్టు మాత్రం ఉంచాడు. అది పాసయింది.

లీడ్‌కు ఇంకా తనివి తీరలేదు. ఈజ్-ఈవెన్ గిట్‌హబ్ పేజీ తెరిచి, మానిటర్‌ను అందరికీ కనబడేలా తిప్పాడు.

"రీడ్‌మీ ఎలా రాయాలో కూడా నేర్చుకో. రాసినాయన తన గురించి ఏం చెప్పుకున్నాడో చదివి అందరికీ చెప్పు."

కుర్రాడు లోపల్లోపల చదువుకున్నాడు. లీడ్ వైపు ఒకసారి చూశాడు.

"గట్టిగా."

"దీన్ని 2014లో తయారుచేశాడటన్నా. ఆయన ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది ఆ ఏడాదేనట."