రేడియోకి టికెట్టు

రేడియోకి ఉన్న ఒకే ఒక్క సుగుణం, దాన్ని ఊరికే వినొచ్చు. మీట తిప్పితే పాట వస్తుంది, నచ్చకపోతే ఇంకాస్త తిప్పొచ్చు, జేబులోంచి పైసా కదలదు. అమెరికా, బ్రిటన్‌లలోని పాప్, రాక్ స్టేషన్లు ఈ లోపాన్ని ఎప్పుడో సరిదిద్దుకున్నాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పెద్ద స్టేడియం మాట్లాడుకుని, ఏడాది పొడవునా ఊదరగొట్టిన పాటలనే, ఆ పాడినవాళ్లను పిలిపించి, ఆ ప్రకటనలతో సహా మళ్లీ వినిపిస్తాయి. ఈసారి గేటు దగ్గర టికెట్టు చూపించాలి. పైగా ఇదంతా శ్రోతల రుణం తీర్చుకోవడమట.

న్యూయార్క్‌లో జెడ్-100 వారి జింగిల్ బాల్ డిసెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరుగుతుంది. లాస్ ఏంజెలెస్‌లో కే-రాక్ స్టేషన్ 1993లో వీనీ రోస్ట్ మొదలుపెట్టింది. లండన్‌లో క్యాపిటల్ రేడియో 2009లో సమ్మర్‌టైమ్ బాల్ ప్రారంభించి, మరుసటి ఏడాదే దాన్ని వెంబ్లీ స్టేడియానికి చేర్చింది. అక్కడ దాదాపు 80 వేల మంది కూర్చుంటారు. కూర్చుంటారన్నది మాటవరసకే, డబ్బులిచ్చి కొన్న కుర్చీ మీద ఎక్కి నిలబడటం ఇలాంటి చోట మర్యాద.

ఈ పండగలన్నిటి ప్రచారంలోనూ వినిపించే గొప్ప ఒకటే: ఒక్క టికెట్టుకి పదిమంది తారలు. లెక్క తప్పు కాదు. కానీ చాలామంది వంతుకి వచ్చేది రెండు పాటలు, మహా అయితే నాలుగు. పెళ్లి బంతిలో వడ్డించేవాడు గరిటె ఇలా చూపించి అలా ముందుకు సాగిపోయినట్టు, గాయని వస్తుంది, ఊరి పేరు తప్పుల్లేకుండా పలుకుతుంది, చేతులు పైకెత్తమంటుంది, మనం ఎత్తేసరికి వెళ్లిపోతుంది. ఆలస్యం కాకుండా కొన్నిచోట్ల గుండ్రంగా తిరిగే వేదిక కూడా కడతారు. ఒక బృందం ముందువైపు వాయిస్తుంటే వెనకవైపు ఇంకో బృందం డ్రమ్స్ బిగించుకుంటూ ఉంటుంది. పాట అయిందా, వేదిక సగం తిరుగుతుంది, సరుకు మారుతుంది.

పదిమంది తలా మూడు పాటలు పాడితే ముప్ఫై. అందులో ఒక్క బృందం కచేరీకి విడిగా వెళ్లినా రెండు గంటల్లో ఇరవై పాటల పైమాటే వినొచ్చు. తేడా ఏమిటంటే, ఆ ఇరవైలో సగం మనం ఊహించనివి. ఈ ముప్ఫైలో ఊహించనిది ఒక్కటీ ఉండదు. ఎందుకుంటుంది? హిట్ పాటల స్టేషన్లలో ‘పవర్ రొటేషన్’ అనే పద్ధతి ఉంది. అందులో పడ్డ పాట రెండు మూడు గంటలకోసారి తిరిగొస్తూనే ఉంటుంది. స్టేడియంలో వినిపించేవీ అవే. ఏ గాయకుడైనా ఉత్సాహం ఆపుకోలేక, ఇది మా కొత్త పాట అని ప్రకటించాడంటే బీరు కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది.

వేదిక మారే ఆ కాసేపు కూడా వృథా పోదు. పొద్దుటి కార్యక్రమం నడిపే రేడియో జాకీ వస్తాడు, టీషర్టులు విసురుతాడు, ఎడమవైపు వాళ్లు గట్టిగా అరుస్తారా, కుడివైపు వాళ్లా అని పోటీ పెడతాడు. స్టేడియంలో ఎవరికీ ఎవరి మీదా పగ లేకపోయినా రెండు వైపులా గొంతులు పోగొట్టుకుంటారు. పెద్ద తెర మీద ఈలోగా బ్యాంకువాడి క్రెడిట్ కార్డు ప్రకటన. ఊరూరా తిరిగే జింగిల్ బాల్ ఊరేగింపుకి క్యాపిటల్ వన్ బ్యాంకు సమర్పకుడు కాబట్టి, ఆ కార్డున్న భక్తులకు ముందస్తు దర్శనం టికెట్లు కూడా ఉంటాయి. కొన్నేళ్లు టికెట్టుకి ఒక డాలరు చొప్పున దానధర్మాలకు తీశారు. ఒక డాలరు! మిగిలిన డాలర్ల పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుందో పోస్టర్ మీద అంత పెద్ద అక్షరాల్లో కనిపించదు.

ఈ ఊరేగింపు టెక్సస్‌కి వచ్చినప్పుడు ఫోర్ట్‌వర్త్‌లో డికీస్ అరీనాలో ఆగుతుంది. పిల్లల పోరు పడలేక డాలస్ నుంచి అక్కడికి కారు తోలే తెలుగు తండ్రులకు ఒక చిక్కుంది. వాళ్లు చిన్నప్పుడు రేడియోలో జనరంజని కార్యక్రమానికి కార్డు ముక్క రాసి, తమ పేరు చదువుతారేమోనని చెవులు రిక్కించినవాళ్లు. అక్కడ పాట కోరేది శ్రోత, వేసేది స్టేషన్. పాట కన్నా కోరినవాళ్ల పేర్ల జాబితానే పొడుగ్గా ఉండేది, నిజమే. అయినా ఆ పేర్లు చదివినందుకు ఎవరూ పార్కింగ్ రుసుము అడగలేదు.

రేడియోవాళ్లు కచేరీ పెట్టే ఈ వ్యవహారం ఇవాళ్టిది కాదు. 1952 మార్చి 21న క్లీవ్‌లాండ్‌లో జరిగిన మూన్‌డాగ్ కొరోనేషన్ బాల్‌ని రాక్ చరిత్రకారులు చాలామంది మొట్టమొదటి రాక్ కచేరీగా లెక్కిస్తారు. దాన్ని తలపెట్టినవాళ్లలో ముఖ్యుడు డబ్ల్యూజేడబ్ల్యూ స్టేషన్‌లో రాత్రిపూట రికార్డులు వేసే అలన్ ఫ్రీడ్. అంటే రాక్ కచేరీ పుట్టిందే రేడియో ఇంట. పదివేల మంది పట్టే అరీనా మీద దాదాపు 20 వేల మంది వచ్చి పడ్డారు, తలుపులు విరిగాయి. మొదటి బృందం వాయించడం మొదలుపెట్టిందో లేదో అధికారులు వచ్చి ఆపించేశారు. మర్నాడు ఫ్రీడ్ రేడియోలోనే క్షమాపణ చెప్పుకున్నాడు. మొదట్లోనే ఆగిపోయిన ఆ రాత్రితో పోలిస్తే ఇవాళ మూడు పాటలు రావడం డెబ్బై ఏళ్ల ప్రగతి అని ఒప్పుకోవాల్సిందే.

అదే ఫ్రీడ్ ఇంకో చరిత్రలోనూ ఉన్నాడు. పాట వేయడానికి రికార్డు కంపెనీల దగ్గర లంచం పుచ్చుకోవడాన్ని అమెరికాలో ‘పేయోలా’ అంటారు. ఆ గొడవలో ఇరుక్కుని 1959లో న్యూయార్క్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు, 1962లో నేరం ఒప్పుకుని 300 డాలర్లు జరిమానా కట్టాడు. ఈలోగా 1960లో చట్టం వచ్చింది: డబ్బో, విలువైనదేదో తీసుకుని పాట వేస్తే ఆ సంగతి శ్రోతకు చెప్పి తీరాలి. చట్టం వచ్చాక లంచం మానేశారా అంటే, మర్యాద నేర్చుకున్నారు. 2005లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ తవ్వితే విహారయాత్రలు, ఎలక్ట్రానిక్ వస్తువులు బయటపడ్డాయి. సోనీ బీఎంజీ కోటి డాలర్లు కట్టి రాజీ పడింది. మిగతా పెద్ద కంపెనీలూ వరసలో నిలబడ్డాయి.

కవరు ఇవ్వడం ప్రమాదమైతే, కవరు బదులు గాయకుణ్నే ఇస్తే? విమర్శకులు ఈ పండగల మీద వేస్తున్న ప్రశ్న ఇదే. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అధ్యక్షుడు బ్రెండన్ కార్, రేడియో స్టేషన్ల యజమాని ఐహార్ట్ మీడియాకు లేఖ రాశాడు. ఆస్టిన్‌లో జరిగే మీ కంట్రీ సంగీత పండగలో గాయకులు తక్కువ సొమ్ముకో, ఊరికేనో పాడితే వాళ్ల పాటలు మీ స్టేషన్లలో ఎక్కువ వేస్తున్నారా, పాడనంటే తగ్గిస్తున్నారా అన్నది దాని సారాంశం. అంతకు ముందే, కంట్రీ సంగీతానికి పుట్టిల్లైన టెనెసీ నుంచి సెనెటర్ మార్షా బ్లాక్‌బర్న్ ఇదే గోడు వెళ్లబోసుకుంది. మా పండగలో పాడటానికీ మా స్టేషన్లలో పాట రావడానికీ ఏ సంబంధమూ లేదని ఐహార్ట్ జవాబిచ్చింది.

సంబంధం లేదనే అనుకుందాం. అయినా గాయకుడి స్థానంలో నిలబడి చూస్తే ఆ పిలుపు ఎలా వినిపిస్తుంది? 1996 దాకా ఒక యజమానికి దేశం మొత్తం మీద 40 స్టేషన్లకు మించి ఉండకూడదు. ఆ ఏడాది చట్టం మార్చి హద్దు ఎత్తేశారు. అప్పటి క్లియర్ ఛానెల్, అంటే నేటి ఐహార్ట్, కొంటూ కొంటూ పోయింది. ఇవాళ దాని చేతిలో 800కు పైగా స్టేషన్లున్నాయి. పైగా అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే, రాసినవాళ్లకూ ప్రచురణకర్తలకూ డబ్బు అందుతుంది కానీ పాడినవాళ్లకు చట్టప్రకారం ఒక్క సెంటూ రాదు. ప్రచారమే నీ కూలి అన్నది స్టేషన్ల పాతమాట. పాడినందుకు ఇవ్వరు, వేసినందుకూ ఇవ్వరు, ఆపైన 800 స్టేషన్లున్న పెద్దమనిషి ఫలానా శనివారం ఖాళీయేనా అని అడుగుతాడు. ఆ శనివారం ఎంత పని ఉన్నా ఖాళీ అయిపోతుంది.

ఇక జనం సంగతి. వాళ్లు సంతోషంగానే ఉంటారు, అందులో దొంగతనమేమీ లేదు. పదమూడేళ్ల పిల్లకి ఇష్టమైన పాట రెండున్నర నిమిషాలు కళ్లముందు వినడం చాలు. దాన్ని ఎగతాళి చేయడం పాపం. ఎగతాళి చేయాల్సింది, ఆ రెండున్నర నిమిషాల చుట్టూ ఐదు గంటల ప్రకటనల కార్యక్రమం కట్టి, కానుక అని రంగు కాగితం చుట్టి, రసీదు చేతికిచ్చే పద్ధతిని.

ఇంతకీ ఈ పండగలో రేడియో అవసరమెంత? వాషింగ్టన్ దగ్గర డబ్ల్యూహెచ్ఎఫ్ఎస్ అనే రాక్ స్టేషన్ ఉండేది. అది 1990లో హెచ్ఎఫ్‌స్టివల్ మొదలుపెట్టింది, ఆ తర్వాత చాలా ఏళ్లు ఆర్ఎఫ్‌కే స్టేడియం నింపింది. 2005 జనవరి 12న యాజమాన్యం శ్రోతలకు ముందుమాటైనా చెప్పకుండా ఆ స్టేషన్‌ని స్పానిష్ సంగీతానికి మార్చేసింది. తర్వాతి కాలంలో అదే ఫ్రీక్వెన్సీలో వ్యాపార వార్తలు కూడా వచ్చాయి. 2024 సెప్టెంబరులో, కచేరీలు నడపడమే వృత్తిగా ఉన్న ఐఎంపీ సంస్థ ఆ పాత పేరుతోనే నేషనల్స్ పార్క్‌లో పండగ చేసింది. ది పోస్టల్ సర్వీస్, డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ, ఇంక్యుబస్, బుష్ వచ్చి పాడాయి. ఆ బృందాల్లో ఒక్కదానికీ డబ్ల్యూహెచ్ఎఫ్ఎస్‌లో పాట వేయించుకోవాలనే భయం లేదు. ఎందుకంటే వేయడానికి ఆ స్టేషనే లేదు.